కుడి అద్దం, ఎడమ కన్ను

ఆ మధ్యాహ్నం కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదని బాబాయ్ ఇచ్చి ఉండకపోతే, తళుకు ఈపాటికి హాయిగా వ్యాన్లో కిటికీ పక్కన కూర్చుని అందరితో పాటు పాటలకి చప్పట్లు కొడుతూ ఉండేది. ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోకుండా, "సాయంత్రం నలుగురిలోకి పోతున్నాం, కాస్త జారకుండా చూడవే అమ్మాయ్" అన్నాడు. స్క్రూ బిగించి ఇచ్చేస్తే పోయేది. చెయ్యి ఊరుకుంటేగా! చేతికొచ్చిన జోడు ఎవరిదైనా సరే, పవరు చూసే మిషను మీద ఒకసారి పెట్టందే కింద పెట్టకూడదని నేర్పింది ఆ బాబాయే. పెట్టింది. చూసింది. మళ్ళీ చూసింది.

కుడి కంటి అద్దం ఎడమ పక్కన ఉంది. ఎడమ కంటిది కుడి పక్కన ఉంది. బిగించింది తనే.

అదొక కళ్ళజోళ్ళ దుకాణం. ముందు వైపు అద్దాల అరలూ కౌంటరూ, వెనక తలుపు తోసుకుని వెళ్తే సాన మిషన్లూ, నీళ్ళ తొట్టీ, తెల్లటి లైటు కింద బాబాయ్ బల్లా. అక్కడ అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. నిజానికి ఆయన ఎవరికీ ఏ వరసా కాడు. దుకాణం ఓనరు కూడా అలాగే పిలుస్తాడు, ఎందుకంటే ఓనరు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ ఆ బల్ల ముందు ఈయనే ఉన్నాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలో అద్దం తుడవమంటే తుడిచిందే తుడుస్తూ, లైటుకి పట్టుకుని మురిసిపోతూ కూర్చునేదని ఈ పిల్లకి తళుకు అని పేరు పెట్టిందీ ఆయనే. అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మామూలు ఫ్రేముల్లో ఈ తప్పు జరగనే జరగదు. కుడి గూడు ఆకారం వేరు, ఎడమ గూడు ఆకారం వేరు. ఒకదాని అద్దం ఇంకోదాంట్లోకి తోసినా దిగదు. బాబాయ్ మాత్రం లోకమంతా ఏ మోజులో పడినా తన గుండ్రటి ఫ్రేము వదలడు. ఆయనకున్నదీ అదొక్కటే. గుండ్రటి దాంట్లో ఏ అద్దం ఎటైనా పడుతుంది. అందుకే కుడి అద్దం మీద ఎర్ర చుక్క పెట్టుకుంటారు. ఫ్రేములో బిగించి, స్క్రూ తిప్పి, అంతా అయ్యాకే ఆ చుక్క తుడవాలి. ఆ బల్ల దగ్గర మొట్టమొదట నేర్పే పాఠం అదే.

డాక్టరు కొత్త పవరు రాసిచ్చిన రోజున బాబాయ్ అద్దాలు చేసే పని తళుకు మీద పడింది. తన జోడు తాను చేసుకోలేడుగా, జోడు తీస్తే ఆయనకి గోడా మనిషీ ఒక్కటే. గురువుగారి అద్దాలు కదా, అద్దంలా కాదు, గాలిలా ఉండాలని దానికి ఉబలాటం. ఆ ముచ్చట కొద్దీ చుక్క ముందే తుడిచేసింది. స్పిరిట్ వేసి మళ్ళీ మళ్ళీ మెరిపించింది. ఆ తర్వాత బిగించింది. ఒకరు చేసింది ఇంకొకరు మిషను మీద చూడందే గుమ్మం దాటకూడదనే కట్టుబాటు కూడా ఉందక్కడ. అందరి పనీ చూసేది బాబాయే. ఆ రోజు మాత్రం, "నువ్వు చేశాక చూసేదేముందే" అని నవ్వి, జోడు పెట్టేసుకున్నాడు.

అప్పట్నుంచీ ఆయనకి లోకం చెదిరిపోయింది. మొదట్లో, కొత్త అద్దాలు కదా, అలవాటు పడాలి అనుకున్నాడు. రోజూ పదిమందికి చెప్పే మాటే తనకీ చెప్పుకున్నాడు. తర్వాత చేతిలో అద్దాలు పగలడం మొదలైంది. ఒక పంతులమ్మ జోడు వంకరగా కోసి, ఆవిడ చేత మాట పడ్డాడు. ఓనరు పల్లెత్తు మాట అనలేదు గానీ ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్దామంటే బాబాయ్ ససేమిరా అన్నాడు. వాళ్ళన్నయ్యకీ ఈ వయసులోనే చూపు పోయింది. ఆ ముక్క డాక్టరు నోట వినడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. "కళ్ళు లేనివాడు కళ్ళజోళ్ళు చెయ్యడమేంటి, నవ్విపోతారు" అని పని మానేస్తానని తనే చెప్పేశాడు.

ఇవాళే ఆఖరు రోజు. పొద్దున అందరి ముందూ తళుకుని పిలిచి, తన పనిముట్ల పెట్టె చేతిలో పెట్టాడు. ఓనరు ఆ బల్ల ఇక దీనిదే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తళుకు ఆ మధ్యాహ్నం దాకా నేల మీద నడవలేదు.

ఇదిగో, మధ్యాహ్నం మిషను ముందు నిలబడి ఉంటే వెనక నుంచి బాబాయ్ చెయ్యి చాచాడు. "అయిందా?"

చెప్పొచ్చు. ఒక్క మాట. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. కానీ పొద్దుటి చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి, పెట్టె బల్ల మీదే ఉంది, ఓనరు పక్క గదిలోనే ఉన్నాడు.

"అయింది బాబాయ్" అంది తళుకు, జోడు ఆయన చేతిలో పెడుతూ.

*

వీడ్కోలుకి ఎక్కడికెళ్దాం అంటే తలా ఒకటి అన్నారు. హోటలన్నారు, సినిమా అన్నారు. బాబాయ్ ఒక్కటే అడిగాడు. ఇన్నేళ్ళూ అద్దాలు అరగదీశాను, ఒక్కసారీ పెద్ద అద్దంలోంచి దేన్నీ చూడలేదు, చూపు పూర్తిగా పోయేలోపు శని చుట్టూ ఉండే ఆ వలయం చూడాలని ఉంది అన్నాడు. ఆ మాటకి ఇంకెవరు ఎదురు చెప్తారు? ఊరి చివర గుట్ట మీద ప్లానెటోరియం, దాని పక్కనే టెలిస్కోపు ఉన్న గది. దుకాణం తొందరగా మూసి, వ్యాను మాట్లాడి, అందరూ బయల్దేరారు. బాబాయ్ భార్య కూడా వచ్చింది. ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు.

కౌంటరు దగ్గర ఉండే అతన్ని రేడియో అంటారు. ఆపే మీట లేదు. వ్యాను కదలగానే మొదలెట్టాడు.

"శని పట్టకుండా చూడు దేవుడా అని లోకమంతా మొక్కుతుంటే, మన బాబాయ్ చూడండి, వ్యాను కట్టించుకుని మరీ శనిని వెతుక్కుంటూ పోతున్నాడు!"

"పట్టాల్సింది ఎప్పుడో పట్టిందిలేరా. ఎలా ఉంటుందో మొహం చూద్దామని" అన్నాడు బాబాయ్.

అందరూ ఘొల్లున నవ్వారు. తళుకు నవ్వలేదు. పట్టిన శని ఆయన పక్క సీట్లోనే, ఆయన పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది మరి. ఇంటికి తీసుకెళ్ళమని ఆయనే ఇచ్చిన పెట్టె అది. బరువేం లేదు, అయినా మోకాళ్ళు నొప్పెడుతున్నట్టే ఉంది.

"ఏంటే అలా ఉన్నావ్, బెంగా?" అన్నాడు బాబాయ్. "పిచ్చిదానా, నేనెక్కడికి పోతాను? రోజూ వచ్చి నీ బల్ల పక్కన కూర్చుని నిన్ను విసిగిస్తానుగా."

తళుకు తలూపింది.

గుట్ట మీద వ్యాను ఆగింది. దిగేటప్పుడు ఒక చిత్రం చూసింది తళుకు. బాబాయ్ తలుపు దగ్గరికొచ్చి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. కాలు కిందికి జాపి, మెట్టు అందాక దాని మీద పాదం ఆనించి, అప్పుడు దిగాడు. దిగాక కళ్ళు తెరిచాడు. వ్యాను కుదుపులకి తల తిరిగిందేమో అనుకుంది.

*

ప్లానెటోరియం గుండ్రటి గది. కుర్చీలు వెనక్కి వాలతాయి. నలుగురైదుగురు తప్ప వేరే జనం లేరు. దీపాలు ఒక్కొక్కటే తగ్గి, పైనున్న గుమ్మటం నల్లబడి, ఉన్నట్టుండి నక్షత్రాలన్నీ ఒక్కసారి వచ్చాయి. రేడియో నోరు కూడా మూతపడింది. ఎక్కడో చీకట్లో నిలబడిన ఒకమ్మాయి మెత్తటి గొంతుతో చెబుతోంది, చేతిలోని సన్నటి వెలుగు బాణంతో చూపిస్తోంది.

"ఈ ఉత్తరం వైపు చుక్కని చూడండి. మిగతావన్నీ తిరుగుతాయి, ఇది మాత్రం ఉన్నచోటే ఉన్నట్టుంటుంది."

బాబాయ్ తళుకు వైపు వంగాడు. "అమ్మాయ్, అది ఒకటేనా? నాకు జంటగా కనబడుతోంది. ఒకటి పైన, ఒకటి కాస్త కిందగా. నీకూ అంతేనా?"

ఎదురుగా ఒకటే ఉంది. నిక్షేపంలా, ఒంటరిగా, ఒక్కటే. రెండోది ఆకాశంలో లేదు, ఆయన ముక్కు మీదుంది. దాన్ని అక్కడ పెట్టింది తను.

"అవును బాబాయ్" అంది తళుకు. "జంటే."

ఎందుకన్నదో దానికే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. ఒక అబద్ధానికి ఇంకోటి కాపలా అన్నమాట. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "గమనించారా, దీని దగ్గర్లో చెప్పుకోదగ్గ చుక్క ఇంకొకటి లేదు. అందుకే గుర్తుపట్టడం తేలిక."

తళుకు కుర్చీలోకి కుంచించుకుపోయింది. ఇప్పుడు అడుగుతాడు, ఎందుకలా అన్నావని నిలదీస్తాడు అనుకుంది. బాబాయ్ చీకట్లో తడుముకుంటూ దాని చెయ్యి పట్టుకుని, రెండుసార్లు తట్టాడు.

"నేను బాధపడతానని అన్నావులే" అన్నాడు చిన్నగా. "మంచిదానివే నువ్వు."

చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మిగతా ఆటంతా తళుకుకి కనబడలేదు. గ్రహాలు వచ్చాయి, పోయాయి. తోకచుక్క ఒకటి వచ్చినట్టుంది. ఆరుబయట పడుకుని చూసినట్టే ఉందని అందరూ అంటుంటే, దానికి మాత్రం మూత పెట్టిన డబ్బాలో కూర్చున్నట్టుంది.

*

టెలిస్కోపు గదికి పిలుపు రావడానికి ఇంకా సమయం ఉందంటే అందరూ వరండాలో టీలు తాగుతూ నిలబడ్డారు. బాబాయ్, ఓనరూ గోడకున్న చంద్రుడి ఫొటో దగ్గరున్నారు. బాబాయ్ దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూస్తున్నాడు. పిన్ని వచ్చి, తళుకు కూర్చున్న బల్ల మీదే దాని పక్కన కూర్చుంది.

"సంతోషంగా ఉన్నాడే ఇవాళ. ఎన్నాళ్ళయిందో ఇలా చూసి" అంది. కప్పు పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "ఎవరితోనూ అనకు. ఇంట్లో ఏం చేస్తున్నాడో తెలుసా? పొద్దున్నే నేను లేవకముందే లేచి, కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. మంచం దగ్గర్నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పంపు దగ్గరికి. గోడ పట్టుకోడు. దేనికైనా తగిలాడా, మళ్ళీ మొదటికి వెళ్ళి మొదలుపెడతాడు. మోకాళ్ళ నిండా దెబ్బలే. ఇదేం ఖర్మండీ అంటే, ఎటూ తప్పనిదేగా, ముందే నేర్చుకుంటే నీకు భారం కానుగా అంటాడు."

తళుకు టీ కప్పు గట్టిగా పట్టుకుంది.

"మెట్లు దిగేటప్పుడైతే కళ్ళు మూసుకోవడమే నయమట. తెరిస్తే మెట్టు రెండుగా కనబడి ఏది నిజమో తెలీదట." పిన్ని పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. "నిన్నటికి నిన్న, నా చీర రంగేంటని అడిగాడు. చెప్తే, సరే గుర్తు పెట్టుకుంటా అన్నాడు. ఒక్కొక్కటీ అడిగి గుర్తు పెట్టుకుంటున్నాడే, చూపు ఉండగానే."

వ్యాను తలుపు దగ్గర ఆయన ఎందుకు కళ్ళు మూసుకున్నాడో అప్పుడర్థమైంది తళుకుకి. ఎవరైనా తనని ఆ బల్ల మీద నుంచి లేవగొడితే బావుండును, ఓనరే వచ్చి నాలుగు తిడితే బావుండును అనిపించింది. తిట్టేవాళ్ళెవరూ లేరు. పైగా పిన్ని దాని భుజం మీద తల ఆనించింది.

"పిన్నీ" అంది తళుకు.

"ఏంటమ్మా?"

గంట మోగింది. టెలిస్కోపు చూసేవాళ్ళు రావాలని ఎవరో కేకేశారు. పిన్ని లేచి, చీర సర్దుకుని, "ఏంటో అన్నావు?" అంది. తళుకు ఏం లేదన్నట్టు తలూపింది. నిజం మింగెయ్యడం ఇది మూడోసారి. ఇంక దాన్ని ఏమనాలి!

*

టెలిస్కోపు గది పైన ఉంది, మెలికలు తిరిగే ఇనప మెట్ల మీదుగా వెళ్ళాలి. బాబాయ్ మెట్లెక్కుతుంటే వెనక నుంచి తళుకు ఆయన వీపు వంకే చూస్తూ ఎక్కింది. పైన గుమ్మటానికి ఒక పక్క సందు తెరిచి ఉంది, అందులోంచి అసలు ఆకాశం కనబడుతోంది. చిన్న ఎర్ర బల్బు తప్ప వెలుగు లేదు. నడుమ ఫిరంగిలా టెలిస్కోపు, దాని కిందికి చెక్క నిచ్చెన. దాని దగ్గరున్న పెద్దమనిషి వరసలో నిలబడమని చెప్పి, "కళ్ళజోడు ఉన్నవాళ్ళు తీసేసి చూడండి. ఈ పక్క చక్రం మెల్లిగా తిప్పితే మీ కంటికి తగ్గట్టు సర్దుకుంటుంది" అన్నాడు.

రేడియో ముందెక్కాడు. "ఓర్నాయనో! లోపల బొమ్మ అంటించారండీ వీళ్ళు!" అని అరిచాడు. ఓనరు చూశాడు. పిన్ని చూసి, "ముద్దుగా ఉందే, టోపీ పెట్టినట్టు" అంది. అందరూ బాబాయ్‌కి దారిచ్చారు. ఆయన జోడు తీసి, వెనక్కి చాచాడు.

"పట్టుకోవే. కింద పెడితే ఎవరైనా తొక్కుతారు."

ఆ జోడు ఇప్పుడు తళుకు చేతిలో ఉంది. పెట్టె చంకలో ఉంది. పెట్టెలో చిన్న స్క్రూ డ్రైవరు ఉంది. ఆలోచన దానంతటదే వచ్చింది. రెండు స్క్రూలు వదులు చెయ్యడం, ఇటుది అటు, అటుది ఇటు, మళ్ళీ బిగించడం. చీకట్లోనైనా చెయ్యగలదు. ఆయన నిచ్చెన దిగి జోడు పెట్టుకుంటే చూపు తిరిగొచ్చేస్తుంది. టెలిస్కోపు చలవే అనుకుంటారు, లేకపోతే కళ్ళే సర్దుకున్నాయనుకుంటారు. ఎవరికీ తెలీదు. బల్ల బల్లలాగే ఉంటుంది, పేరు పేరులాగే ఉంటుంది. అబ్బ, ఎంత తేలిక! గోడ వారకి జరిగి, పెట్టె తెరిచి, స్క్రూ డ్రైవరు తీసింది. మొన స్క్రూకి ఆనింది కూడా.

"కనబడుతోందే!" అని వినిపించింది పైనుంచి.

బాబాయ్ గొంతే. కానీ అలాంటి గొంతు ఆయనకి ఉన్నట్టు ఎవరికీ తెలీదు. చిన్నపిల్లాడిలా ఉంది. "వలయం వేరు, బంతి వేరు. రెంటికీ నడుమ నల్లటి సందు. దాని అంచు చూడు, ఎంత నున్నగా ఉందో! ఎవడు అరగదీశాడురా దాన్ని!"

అందరూ నవ్వారు. బాబాయ్ చక్రం తిప్పి ఎడమ కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ కుడి కన్ను పెట్టాడు. మళ్ళీ ఎడమది. ఆయన భుజాలు మెల్లిగా నిటారయ్యాయి. నిచ్చెన మీద నిలబడే, తనలో తను అనుకున్నట్టు, "ఒకటే ఉందే. రెండు కళ్ళకీ ఒకటే ఉంది" అన్నాడు.

దిగాడు. దిగి, చెయ్యి చాచాడు. "అమ్మాయ్, జోడేదీ?" తళుకు కుడి పక్కనుంటే ఆయన ఎడమ పక్కకి చాచాడు. ఖాళీ గాల్లో ఆ చెయ్యి తడుముకుంటోంది. దాన్ని చూస్తూ స్క్రూ తిప్పడానికి ఏ చేతులు లేస్తాయి? తళుకువి లేవలేదు.

"ఇటు రా బాబాయ్" అని ఆ చెయ్యి పట్టుకుని, పక్కనున్న చిన్న తలుపులోంచి బయటి వసారాలోకి తీసుకెళ్ళింది. అక్కడెవరూ లేరు. తలుపు మీద ఒక దీపం వెలుగుతోంది. కింద ఊళ్ళో లైట్లు.

"కుడిది ఎడమ పక్కన వేశాను బాబాయ్" అంది. "మొట్టమొదటే. చుక్క ముందే తుడిచేశాను. నీ కళ్ళకేం కాలేదు. నేను చేసిందే ఇదంతా."

జోడు లేని బాబాయ్ కళ్ళు దాని మొహం ఉండాల్సిన చోటికి కాస్త పక్కగా చూస్తున్నాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇప్పుడే అనొచ్చు. నువ్వు టెలిస్కోపు చూస్తుంటే అనుమానమొచ్చింది బాబాయ్ అనొచ్చు. ఆ మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. పొరపాటు ఎవరైనా చేస్తారు, దాన్నెవరైనా క్షమిస్తారు. తెలిశాక దాచిన దానికే క్షమ ఉండదు.

"మధ్యాహ్నం" అంది తళుకు. "స్క్రూ బిగించమని ఇచ్చావే, అప్పుడు. మిషను మీద పెట్టాను."

"మధ్యాహ్నం." ఆయన ఆ మాట తిప్పి అన్నాడు. "మరి ఇందాక, చుక్క జంటగా ఉందన్నావు" అన్నాడు.

"అబద్ధం చెప్పాను."

కింద రోడ్డు మీద ఏదో బండి హారను కొట్టుకుంటూ పోయింది. బాబాయ్ ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నా కళ్ళని అనుమానించాను" అన్నాడు. "మా అన్నయ్యకొచ్చిన జబ్బే నాకూ వచ్చిందని అనుమానించాను. డాక్టర్ని కూడా అనుమానించాను. ఎంతసేపూ ఈ జోడు మీదికి మాత్రం మనసు పోలేదే. నువ్వు చేశావని." ఆగాడు. "మధ్యాహ్నం నీ మొహం సరిగ్గా కనబడి ఉంటే అప్పుడే పట్టేసేవాణ్ణి. అది కూడా కనబడకుండా చేశావు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే తళుకు ఏడ్చి ఉండేది, కాళ్ళు పట్టుకుని ఉండేది. అదేం లేకపోయేసరికి ఏం చెయ్యాలో తెలీక దోషిలా నిలబడిపోయింది. దోషే మరి.

"మార్చు" అన్నాడు బాబాయ్.

ఎవరి తప్పు వాళ్ళ చేత్తోనే దిద్దాలన్నది ఆ పని గదిలో కట్టుబాటు. తళుకు దీపం కింద నేల మీద కూర్చుని, పెట్టె తెరిచింది. అద్దాలు రెండూ తీసింది.

"చుక్క పెట్టావా?"

"పెడుతున్నా బాబాయ్."

పెట్టెలోంచి ఎర్ర కలం తీసి కుడి అద్దం మీద చుక్క పెట్టింది. కుడి గూట్లో కూర్చోబెట్టింది. ఎడమది ఎడమ గూట్లో. స్క్రూలు తిప్పింది. వేలితో నొక్కి చూసింది. అప్పుడు తుడిచింది చుక్కని. ఒక్కసారే తుడిచింది, మెరిపించలేదు.

బాబాయ్ జోడు పెట్టుకున్నాడు. ఊరి వైపు చూశాడు. ఒక్కొక్క దీపాన్నీ ఆగి ఆగి చూస్తున్నట్టు, చాలాసేపు. తర్వాత తళుకు వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి దాని మొహం ఆయనకి సరిగ్గా కనబడింది. చూసి, మొహం తిప్పుకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

*

లోపల పెద్ద లైటు వేసి, వీళ్ళిద్దరూ ఎక్కడికి పోయారని అందరూ వెతుకుతున్నారు. బాబాయ్ వాళ్ళ నడుమకి వెళ్ళి, మామూలుగా, "కళ్ళకేం కాలేదర్రా" అన్నాడు. "స్క్రూ వదులై అద్దం పక్కకి జరిగిందట, అంతే. తళుకు పట్టుకుని సరిచేసింది. సోమవారం నుంచి వస్తున్నాను, ఎవరికైనా అభ్యంతరమా?"

రేడియో ఈల వేశాడు. ఓనరు బాబాయ్‌ని వాటేసుకున్నాడు. పిన్ని మాత్రం అక్కడే నిలబడి, నమ్మలేనట్టు, "నా చీర రంగు చెప్పండి" అంది.

"ఆకుపచ్చ. అంచు పసుపు. అక్కడ టీ మరక కూడా" అన్నాడు బాబాయ్.

పిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే వచ్చి తళుకు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ చేతులు చల్లగుండాలే తల్లీ. మా ఇంట్లో మళ్ళీ దీపం పెట్టావు."

ఊరుకోవచ్చు. పెద్దాయనే దాచిపెట్టాడు, ఇంకెవరు అడుగుతారు? కానీ పిన్ని కళ్ళు తన చేతులకి తడిగా, వెచ్చగా తగులుతుంటే తళుకు ఊరుకోలేకపోయింది.

"కాదు పిన్నీ" అంది. "స్క్రూ వదులవలేదు. నేనే అటుదిటు బిగించాను. మధ్యాహ్నం తెలిసింది నాకు. బల్ల పోతుందని చెప్పలేదు. వరండాలో నువ్వు అన్నీ చెప్తుంటే కూడా చెప్పలేదు. పక్కనే కూర్చుని విన్నాను."

ఓనరు నేల చూపులు చూశాడు. పిన్ని చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత మెల్లిగా, విదిలించుకోకుండా, వేడి గిన్నె మీద నుంచి తీసినట్టు తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో పాటల్లేవు. తళుకు వెనక సీట్లో కూర్చుంది. ఎక్కేటప్పుడే పెట్టె తెచ్చి బాబాయ్ ఒళ్ళో పెట్టింది. వద్దంటాడేమో, నీ దగ్గరే ఉండనీ అంటాడేమో అని మనసులో ఎక్కడో ఒక ఆశ. ఆయన అనలేదు. మూత తెరిచి, స్క్రూ డ్రైవరు దాని గాట్లో ఉందో లేదో చూసి, మూసి, పట్టుకుని కూర్చున్నాడు. సగం దూరం పోయాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"సోమవారం ముందుగా రా. చుక్క ఎప్పుడు తుడవాలో మొదట్నించీ చెప్తాను."

"వస్తాను బాబాయ్" అంది తళుకు. అప్పుడొచ్చింది ఏడుపు. కిటికీ వైపు తిరిగి చప్పుడు కాకుండా ఏడ్చింది.

బాబాయ్ వాళ్ళ వీధి ముందొచ్చింది. వ్యాను ఆగింది. పిన్ని ముందు దిగి, కింద నిలబడి చెయ్యి అందించింది. బాబాయ్ పెట్టె చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు. వీధి దీపం వెలుగు మెట్టు మీద సూటిగా పడుతోంది, జోడు ముక్కు మీద సరిగ్గా ఉంది. అయినా అక్కడికెళ్ళగానే ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి. కాలు కిందికి జాపి, మెట్టు కోసం గాల్లో తడుముతున్నాడు.

వెనక సీట్లోంచి తళుకుకి ఆ పాదం కనబడుతోంది.

"కళ్ళు తెరవండీ" అంది పిన్ని కింద నుంచి. "తెరవండి. ఒక్కటే మెట్టు."